ఫోటో పక్కన కథ ఎందుకు రాయాలి?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంతవరకు ఇలా కుదించవచ్చు. మీరు హనుమకొండలో ఉంటూ కొన్నేళ్లుగా ఫోటోలు తీస్తున్నారు. మంచి ఫోటోకు మాట అక్కర్లేదని, కింద రాత పెట్టారంటే ఫోటోలో దమ్ము లేదని ఒప్పుకున్నట్టేనని మీకు తెలిసిన సీనియర్లు అంటున్నారు. ఊళ్లు పట్టుకు తిరిగే నాలాంటివాళ్లు మాత్రం ప్రతి ఫోటోల వరుసకూ పేజీల కొద్దీ ఎందుకు రాస్తారని, ఒకవేళ రాయాలంటే ఎంత రాయాలని, తెలుగులో రాయాలా ఇంగ్లీషులో రాయాలా అని అడిగారు.

సూటిగా చెబుతాను. ఎదురుగా ఉన్నది ఎలా కనిపించిందో ఫోటో చెబుతుంది. అది అలా ఎందుకుందో, అంతకు ముందు ఏం జరిగిందో, అందులో ఉన్న మనిషి ఎవరో చెప్పదు. ఆ సంగతి నేను రాయకపోతే చూసేవాళ్లు తమకు తోచింది ఊహించుకుంటారు, ఆ ఊహ చాలాసార్లు తప్పుతుంది. ఇది మొదటి కారణం. రెండో కారణం నా దృష్టిలో ఇంతకంటే పెద్దది. తరువాత రాయాల్సి ఉంటుందని తెలిసినవాడు ఫోటో తీసి వెళ్లిపోలేడు. అక్కడ కూర్చోవాలి, అడగాలి, వినాలి. అలా కూర్చోవడం వల్ల రాత సంగతి అలా ఉంచి, ముందు ఫోటోయే మారిపోతుంది. మీ సీనియర్ల మాటలో కూడా కొంత నిజం ఉంది, దాని దగ్గరికి తరువాత వస్తాను.

ఎనుమాముల మార్కెట్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే వరంగల్‌లో కెమెరా కొన్నవాళ్లలో మిర్చి సీజన్‌లో అక్కడికి వెళ్లనివాళ్లు ఉండరు. యార్డు నిండా ఎర్రగా రాశులు, మధ్యలో ఒక పసుపు చీర, ఏటవాలుగా పడే పొద్దుటి ఎండ. ఇంత తేలిగ్గా అందమైన ఫోటో దొరికే చోటు మన దగ్గర ఇంకొకటి లేదు. ఆ ఎరుపు చూడగానే పంట బాగా పండిందని, రైతు చేతికి నాలుగు డబ్బులు వచ్చాయని అనిపిస్తుంది. నేను తీసిన అలాంటి ఒక ఫోటోను ఎవరో తీసుకుని, రైతన్న ఇంట సిరుల పంట అని పైన రాసి వాట్సాప్‌లో తిప్పారు. ఆ ఫోటోలో ముందు కూర్చున్న పెద్దావిడ నిజానికి చేస్తున్న పని తాలు ఏరడం. తెల్లబారిన కాయ, మచ్చ పడిన కాయ మంచి కాయలో కలిసి ఉంటే బస్తా మొత్తానికి ధర పడిపోతుంది, అందుకే వాటిని వేరు చేస్తారు. పక్కన కూర్చుని అడిగితే ఆవిడ చెప్పింది ఇది: "ఏరితే కూలి మీద పడ్తది బిడ్డా, ఏరకపోతే ధర కోస్తరు. ఎటైనా మనకే."

ఈ ఒక్క మాట ఫోటో కింద ఉంటే దాన్ని సిరుల పంట అని ఎవరూ తిప్పలేరు. నేను ఆ తరువాత ఆ ఫోటోను ఎక్కడ పెట్టినా దానితో పాటు జెండా పాట సంగతి కూడా రాస్తున్నాను. మార్కెట్ తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు గానీ, బయటివాళ్లకు తెలియదు. ఉదయం యార్డులో మేలైన సరుకు చూసి వ్యాపారులు పాడే ధరను జెండా పాట అంటారు, మరునాడు పేపర్లో వచ్చేది ఆ ధరే. మిగతా బస్తాలు రంగు తగ్గిందని, తేమ ఉందని, తాలు ఉందని అంతకంటే తక్కువకు పోతాయి. జెండా పాటకు పోయిన బస్తా, దానికి వేల రూపాయలు తక్కువకు పోయిన బస్తా ఫోటోలో పక్కపక్కనే ఎర్రగా ఉంటాయి. రైతు చేతిలో తక్ పట్టీ, అంటే సరుకు అమ్మినందుకు ఇచ్చే రసీదు, స్పష్టంగా కనిపించేలా తీసినా, ఆ కాగితం మీది అంకెకూ పేపర్లో వచ్చిన అంకెకూ మధ్య తేడా ఎంతో, ఎందుకో రాసి తీరాలి. ఎంత మంచి లెన్స్ కొన్నా ఆ పని చేయదు.

మిర్చి సంగతే ఇంకొకటి. 2021-22 సీజన్‌లో మన వరంగల్, మహబూబాబాద్, ములుగు వైపు నల్ల తామర పురుగు మిర్చి తోటలను ఊడ్చేసిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజుల్లో తీసిన ఫోటోలు కొన్ని ఇప్పుడు చూస్తే, గట్టు మీద నుంచి తీసినవాటిలో తోట ఆకుపచ్చగా, పూత మీద ఉన్నట్టే కనిపిస్తుంది. ఆ పురుగు ఉండేది పూవులోపల. పూత రాలిపోతుంది, కాయ కట్టదు. దగ్గరగా మాక్రో లెన్స్‌తో పూవును తీస్తే పురుగు కనిపిస్తుంది, కానీ అప్పుడు ఎకరాల కొద్దీ పోయిందన్నది కనిపించదు. రెండూ ఒకే ఫ్రేమ్‌లో పట్టవు. రైతు తోటను దున్నేసి మొక్కజొన్న వేసుకున్నాడన్నది ఏ ఫ్రేమ్‌లోనూ పట్టదు, ఎందుకంటే అది నేను వచ్చేశాక జరిగింది.

మేడారం జాతరలో ప్రతిసారీ పేపర్లలో వచ్చే ఒక ఫోటో ఉంటుంది. చుట్టూ ఇసక వేస్తే రాలనంత జనం, మధ్యలో పోలీసు అధికారి, చేతిలో తుపాకీ, గొట్టం ఆకాశం వైపు. మన రాష్ట్రం గురించి తెలియనివాళ్ల ముందు దీన్ని మాట లేకుండా పెట్టి చూడండి. జనం అదుపు తప్పితే గాల్లోకి కాల్పులు జరిపారనే అనుకుంటారు. వేరే రాష్ట్రంలో ఒక ప్రదర్శనలో ఈ ఊహను నా వెనక నిలబడ్డవాళ్ల నోట విన్నాను. జరిగిందేమిటంటే, చిలకలగుట్ట నుంచి పూజారులు సమ్మక్కను కుంకుమ భరిణె రూపంలో తీసుకువస్తున్నప్పుడు జిల్లా ఎస్పీ గాల్లోకి కాల్చి ప్రభుత్వం తరఫున స్వాగతం పలకడం. భయపెట్టే దృశ్యంగా కనిపించేది నిజానికి గౌరవ వందనం. రెండు వాక్యాలు రాస్తే సరిపోయేదానికి రాయకుండా ఊరుకోవడం కళ కోసం చేసిన త్యాగమని నేను అనుకోను.

రామప్ప గుడిలో ఇలాంటిదే చిన్న సంగతి. మండపంలో వైడ్ లెన్స్‌తో తీస్తే నేల ఎత్తుపల్లాలుగా వస్తుంది, చూసినవాళ్లు లెన్స్ వంకర అంటారు. నేలే అలా ఉంది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడి పునాదిలో ఇసుక నింపారు, నేల కుంగినా కట్టడం నిలబడింది. ఈ మాట రాస్తే అదే ఫోటోలో జనం మదనికల శిల్పాల మీంచి చూపు దించి నేల వైపు చూస్తారు.

ఇక్కడే అసలు విషయం ఉంది. రాత పని ఫోటోను వివరించడం కాదు, చూసినవాళ్లను మళ్లీ ఒకసారి ఫోటో దగ్గరికి పంపడం. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఒక ఇంట్లో తీసిన ఫోటో దీనికి నా దగ్గరున్న మంచి ఉదాహరణ. ముందు గుంట మగ్గం మీద ఇంటి యజమాని, అరవై దాటిన మనిషి, నీలం ఎరుపు చారల జంపఖానా సగం దిగి ఉంది. వెనక గోడ దగ్గర ఇంకో మగ్గం. దాని మీద మడతపెట్టిన బొంతలు, ఒక బడి సంచి, ఆరేసిన తువ్వాలు. ఎవరు చూసినా ఆ చేతులు, ఆ రంగులు చూసి బాగుందంటారు. కింద నేను రాసింది చాలా తక్కువ: వెనక మగ్గం పెద్ద కొడుకుది, అతను సూరత్‌లో పవర్‌లూమ్ మీద పనిచేస్తున్నాడు, పండుగకు ఇంటికి వచ్చినా ఆ మగ్గం మీద కూర్చోడు, దాన్ని అమ్మేద్దామంటే తండ్రి ఒప్పుకోడు. ఈ నాలుగు ముక్కలు చదివినవాళ్లు ఫోటో దగ్గరికి తిరిగి వచ్చి ఈసారి బొంతల వైపు చూస్తారు. ప్రదర్శనల్లో వాళ్ల తల తిరగడం గమనించాను. వలస గురించి నేను అక్కడ ఒక్క మాట కూడా రాయలేదు. 2018లో వరంగల్ జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని కూడా ఆ ఫోటో కింద రాయలేదు, అది ఇంకో ఫోటో కింద ఉండాల్సిన మాట.

ఇదే ఫోటో నా రెండో కారణానికీ ఉదాహరణ. ఫోటో మాత్రమే కావాలనుకున్నవాడు ఆ గదిలోకి వచ్చి, కిటికీ వెలుతురు చూసుకుని, చేతుల మీద ఫోకస్ పెట్టి, వెనక ఉన్న సామాన్ల మగ్గాన్ని చెత్తగా లెక్కేసి ఫ్రేమ్‌లోంచి తప్పిస్తాడు. అలా తీయడమే మనకు నేర్పుతారు కూడా, బ్యాక్‌గ్రౌండ్ శుభ్రంగా ఉండాలని. రాసుకోవడానికి ఏదైనా దొరుకుతుందేమోనని ముందు గంటసేపు మాట్లాడుతూ కూర్చున్నందువల్ల, ఆ బొంతలు తీసేయాల్సిన అడ్డం కాదని నాకు కెమెరా పైకెత్తకముందే తెలిసింది. ఎక్కడ నిలబడాలో, ఏ లెన్స్ పెట్టాలో ఆ మాటల వల్లే తేలింది. కథ అనేది ఫోటో తరువాత అతికించేదని మీ సీనియర్లు అనుకుంటున్నారు. నా అనుభవంలో కథ ముందు వస్తుంది, ఫోటో దానివెంట వస్తుంది, కాగితం మీద పెట్టడం మాత్రమే చివర జరుగుతుంది.

బయటి ప్రాంతాల్లో ఇది ఇంకా అవసరం. గుజరాత్‌లోని కచ్ చిన్న రణ్ ఎడారిలో అగరియాలు ఉప్పు పండించే మడులు ఫోటోలో మంచు మైదానంలా వస్తాయి, అందుకే యాత్రికులు వాటిని కేవలం అందం కోసం తీసుకుపోతారు. భూమిలోంచి ఉప్పునీరు తోడే పంపుకు ఎంత ఖర్చవుతుందో, ఏడాదిలో ఎక్కువ నెలలు ఊరు విడిచి ఆ ఎడారిలోనే ఎందుకు కాపురముంటారో అడిగితే గానీ ఆ తెలుపు దేనితో వచ్చిందో తెలియదు. సొంత ఊళ్లో ప్రమాదం దీనికి తలకిందులు. అంతా తెలుసన్న ధీమాతో ఎవరినీ ఏమీ అడగం.

ఫోటో ఒంటరిగా నిలబడాలన్న నియమం మన నేలలో పుట్టింది కూడా కాదు. చేర్యాల పటాలు చూడండి. నకాశీ చిత్రకారులు వేసిన ఆ పటం గోడకు తగిలించుకోవడానికి పుట్టలేదు. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రటి నేపథ్యం మీద అడ్డవరుసలుగా కథంతా బొమ్మలు వేస్తే, కథకులు దాన్ని ఊళ్లకు తీసుకుపోయి విప్పుతూ, బొమ్మ చూపిస్తూ, పాడుతూ చెప్పేవారు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణం చెబుతారు, ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథ చెబుతారు. నాకు తెలిసి ఏ కథకుడికీ, నీ మాట వల్ల బొమ్మ బలహీనపడిందని ఎవరూ చెప్పలేదు. మాట లేనప్పుడు పటం చుట్టి పెట్టుకుంటారు, అంతే.

కాలం గడిచేకొద్దీ రాత విలువ పెరుగుతుందన్నది ఆదిలాబాద్ వెళ్తే అర్థమవుతుంది. 1940లలో నిజాం ప్రభుత్వం తరఫున గోండుల జీవితాన్ని అధ్యయనం చేసిన క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో ఉంటూ ఫోటోలు తీశారు, వాటితో పాటు ఏ ఊరు, ఏ పండుగ, ఏ తెగ అన్నది రాసి పెట్టుకున్నారు. ఆ రాత ఉండబట్టే అవి ఇప్పుడు ఆ ఊళ్లవాళ్లకూ, చరిత్ర రాసేవాళ్లకూ పనికివస్తున్నాయి. అదే కాలానికి చెందిన ఫోటోలు చాలా ఇళ్లలో, పాత స్టూడియోల్లో వెనక ఏమీ రాయకుండా పడి ఉన్నాయి. అందులో ఉన్నది తాతగారో, ఆయన తమ్ముడో చెప్పేవాళ్లు ఇప్పుడు లేరు.

రాస్తే చాలదు, సరిగా రాయాలి. అమెరికన్ ఫోటోగ్రాఫర్ డొరోథియా లాంజ్ 1936లో కాలిఫోర్నియాలోని నిపోమోలో, బఠానీ కోసే కూలీల గుడారాల దగ్గర తీసిన తల్లీ పిల్లల ఫోటో ప్రపంచమంతా తెలుసు. ఆ తల్లి వయసు, పిల్లల సంఖ్య రాసుకున్నారు గానీ పేరు అడగలేదు. ఆమె ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో, నలభై ఏళ్లు దాటాక. తిండి కోసం కారు టైర్లు అమ్ముకున్నారని లాంజ్ తరువాత రాసిన మాటను ఆ కుటుంబం కాదంది. ఫోటోలో ఒక్క తప్పు లేదు, పక్కన చేరిన మాటలో ఉంది. తన పేరు కూడా అడగలేదని ఆమె తరువాత బాధపడింది. ఇది తెలిసినప్పటి నుంచి నేను ధరలూ తేదీలూ సరిచూసుకునే దానికంటే ముందు పేరు, ఇంటిపేరు ఎలా పలుకుతారో రెండుసార్లు అడుగుతాను.

ఇప్పుడు మీ సీనియర్ల మాటలోని నిజం. రాత వల్ల చెడిపోయిన ఫోటోలు నేను చాలా చూశాను. వాటిలో రెండు రకాలు. మొదటి రకం, ఫోటోలో కనిపిస్తున్నదాన్నే మళ్లీ చెప్పడం: ఎర్ర చీర కట్టుకున్న ఒక వృద్ధురాలు బావి దగ్గర నిలబడి ఉంది అని. కళ్లున్నవాళ్లకు ఇది అక్కర్లేదు. రెండో రకం ఇంకా ఘోరం, ఏమనుకోవాలో చూసేవాళ్లకు చెప్పడం. ముడతలు పడ్డ ముఖం ఒకటి దొరకడం ఆలస్యం, కింద కష్టాల కడలి, కన్నీటి సంద్రం, ఆ కళ్లలో వేయి కథలు అని రాసేస్తారు. ఆ ముసలాయన బహుశా టీ ఆలస్యమైనందుకు విసుక్కుంటున్నాడు. వేయి కథలున్నాయని రాసినవాళ్లు ఒక్కటీ అడిగి తెలుసుకోలేదని ఆ వాక్యమే చెబుతుంది. విశేషణాలు ఫోటోకు వదిలేసి, పేర్లూ అంకెలూ మాటలూ మనం రాయాలి.

అసలు రాత అక్కర్లేని ఫోటోలూ ఉన్నాయి. లక్నవరం చెరువు మీద పొగమంచు, పాకాల అడవిలో ఆకుల మధ్య వెలుతురు, పెళ్లిలో తలంబ్రాలు పోసుకునేటప్పటి నవ్వు. అక్కడ ఊరి పేరు, తేదీ చాలు. వెలుతురునూ ఆకారాన్నీ చూపించడానికి తీసిన ఫోటో వేరు, ఒకరి బతుకు గురించి తీసిన ఫోటో వేరు. మీ సీనియర్లు మొదటిదాని నియమాన్ని తెచ్చి రెండోదానికి పెడుతున్నారన్నది నా అభిప్రాయం.

రాయకూడనివీ ఉంటాయి. అప్పుల గురించి, జబ్బు గురించి, కుల పెద్దల తీర్పు గురించి ఒకరు మీకు నమ్మి చెబితే, అది అచ్చయిన మరునాటి నుంచి వాళ్లు అదే ఊళ్లో బతకాలి. అలాంటప్పుడు పేరు, ఊరు వదిలేయండి, ముఖం లేని ఫ్రేమ్ ఎంచుకోండి, ఫోన్‌తో తీసినదైతే ఫైల్‌లో నమోదయ్యే లొకేషన్ కూడా తీసేయండి, చాలామంది ఈ చివరిది మరచిపోతారు. కొన్ని చోట్ల కెమెరాకూ కలానికీ కూడా ప్రవేశం లేదు. చిలకలగుట్ట మీద జరిగే పూజ బయటివాళ్ల కోసం జరిగేది కాదు. అది ఎలా ఉంటుందో ఊహించి రాసినా తప్పే.

పద్ధతి విషయానికి వస్తే, నాది చాలా మామూలు పద్ధతి. జేబులో పట్టే నోటుబుక్కు ఒకటి, మనిషి ఒప్పుకుంటే ఫోన్‌లో రికార్డింగు. పేరు, ఊరు, చేస్తున్న పని పేరు వాళ్ల నోట ఏమంటారో అదే, ఆ పనిలో వచ్చేదీ పోయేదీ ఎంత, నేను రాకముందు ఏం చేస్తున్నారు, నేను వెళ్లాక ఏం చేస్తారు. ఈ చివరి రెండు ప్రశ్నలకు వచ్చే జవాబుల్లోనే కథ ఎక్కువగా దొరుకుతుంది. వాళ్ల మాటను వాళ్ల యాసలోనే రాసుకోవాలి, పుస్తక భాషలోకి మార్చితే మనిషి మారిపోతాడు. అదే రోజు రాత్రి కూర్చుని రాయాలి, వారం ఆగితే మనం విన్నదీ మనం అనుకున్నదీ కలిసిపోతాయి. రాసినదాన్ని ఫోటో ఫైల్‌లోని క్యాప్షన్ గడిలో కూడా ఎక్కించండి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే ఆ వివరాలు ఊడిపోతాయి కాబట్టి, ఎవరికైనా ఇచ్చేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపడం మంచిది.

ఎంత రాయాలన్నదానికి కొలత లేదు గానీ, విడి ఫోటోకు రెండు మూడు వాక్యాలు, వరుసగా పది పన్నెండు ఫోటోలుంటే ఒకటిన్నర పేజీ దాటకుండా ఉంటే చదువుతారు. ఇన్‌స్టాగ్రామ్‌లో క్యాప్షన్‌కు 2,200 అక్షరాల హద్దు ఉంది, మొదట్లో కొంత తప్ప మిగతాది నొక్కితే గానీ తెరుచుకోదు. అందుకని అసలు సంగతిని మొదటి వాక్యంలోనే పెట్టండి, ఉపోద్ఘాతం వద్దు.

భాష గురించి నాకు ఏ సందేహమూ లేదు, ముందు తెలుగులో రాయండి. ఎవరి గురించి రాశామో వాళ్లకు చదివి వినిపించగలిగేది ఆ భాషలోనే. తాలు ఏరుతున్న ఆ పెద్దావిడకు నేను రాసింది చదివి వినిపిస్తే, కూలి రేటు ఒకచోట పాతది పడిందని మనవరాలిని పిలిచి మరీ సరిచేయించింది. ఇంగ్లీషులో రాసి ఉంటే ఆ సవరణ నాకు దొరికేది కాదు. బయటి పత్రికలకో, పోటీలకో ఇంగ్లీషు కావాల్సి వస్తే అలా సరిచూసిన తెలుగు పాఠం నుంచే తయారు చేయించండి. పేర్లు, ఊళ్లు, పనుల పేర్లు, ధరలు మాత్రం పంపేముందు మీ నోటుబుక్కు దగ్గర పెట్టుకుని మీరే ఒక్కొక్కటిగా సరిచూసుకోండి.